సగం ఒప్పుకోలు

ఆసుపత్రి బట్టల గది,
వానలు మొదలైన వారం

ప్రియమైన అక్కకి,

ప్రభువు పేరట వందనాలు. ఫోన్ చేయొద్దన్నావు. ఉత్తరం రాయొద్దని మాత్రం అనలేదు కదా, అందుకని రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నేను ఇలాంటి సందులు వెతుక్కునే రకమేనని నీకు తెలుసు. కోపం వస్తే చించి పారేయి, కానీ చదివాక చించు.

పని దొరికింది. ఆసుపత్రిలో దుప్పట్లు, రోగుల గౌన్లు ఉతికే చోట. గది నేల అడుగున ఉంది, కిటికీ లేదు. ఎటు చూసినా ఆవిరి. తడి దుప్పట్లు మెషీన్లోంచి లాగి ఆరబెట్టే డ్రమ్ములోకి తోస్తాను. ఆరినవి మడతపెట్టి, మూటకట్టి పై అంతస్తులకి చేరుస్తాను. అందుకోసం ప్రత్యేకంగా సామాన్ల లిఫ్టు ఉంది. నేను ఎక్కను. మూటలు భుజాన వేసుకుని మెట్ల మీదే పోతాను. మా మేస్త్రీ నాకు 'మెట్లాయన' అని పేరు పెట్టాడు. "ఏళ్ల తరబడి లిఫ్టులు బాగుచేసినవాడివి, లిఫ్టు చూసి పారిపోతావేంటయ్యా?" అని అందరి ముందూ అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెప్పను అక్కా? తీయాల్సిన ఒక్క వైరు తీయడం మర్చిపోయి మా బావని నేనే పొట్టన పెట్టుకున్నానని ఆ ఆవిరిలో నిలబడి చెప్పనా?

ఇక్కడ చిన్న మందిరం ఒకటి ఉంది. వెళ్తున్నాను. వెనక బెంచీలో కూర్చుంటాను. ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం మాత్రం, రొట్టె దగ్గరికి వచ్చేసరికి లేచి బయటికి వచ్చేస్తాను. పోయిన ఆదివారం పాస్టరు గారు గేటు దగ్గర పట్టుకున్నారు. "ఎవరితోనైనా గొడవ ఉందా బాబూ?" అన్నారు. లేదండీ, మా అక్క నన్ను క్షమించింది, మా బావ కూడా పోతూ పోతూ క్షమించి పోయాడు అన్నాను. "మరి బల్ల తీసుకోవడానికి నీకేం అడ్డం?" అన్నారు. దణ్ణం పెట్టి గేటు దాటి వచ్చేశాను.

అందుకే ఒకటి అడుగుతున్నాను. ఆ రోజు మందిరంలో అందరి ముందూ అన్న మాట, నీ చేత్తో ఒక్కసారి నాకు రాసి పంపు. 'తమ్ముడూ, నిన్ను క్షమించాను' అని. అంతే. ఇంకేం రాయకపోయినా ఫరవాలేదు. అది జేబులో పెట్టుకుని బల్ల దగ్గరికి వెళ్తాను. రాత్రీ పగలూ నాకు ఊపిరాడటం లేదు అక్కా.

పాపకి మామయ్య ముద్దులు. వద్దంటే చెప్పకు.

నీ తమ్ముడు


పెట్టుడు పళ్ల లాబు,
మధ్యాహ్నం భోజనం వేళ

తమ్ముడికి,

ప్రభువైన యేసు నామంలో వందనాలు. నీ ఉత్తరం అందింది. దేవుని కృపవల్ల నేనూ పాపా క్షేమం. నీకు పని దొరికినందుకు దేవునికి స్తోత్రం.

మా లాబులో పని ఎక్కువగా ఉంది. డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పిండి పోసి, మైనంతో చిగుళ్లు కట్టి, పళ్లు పేర్చడం నా వంతు. అరగదీసే మెషీన్ దగ్గర ఈ మధ్య కొత్తగా ఒకమ్మాయిని పెట్టారు. పంటికీ గోరుకీ తేడా తెలియకుండా అరగదీస్తోంది. ఈ పేటలో ముసలివాళ్లలో సగం మంది నవ్వు నా చేతిదేనని మా యజమాని మురిసిపోతూ ఉంటాడు. మురిసిపోతే మురిసిపోనీ.

ఆదివారాలు మాత్రం ఇంట్లో ఉండటం లేదు. మన పాస్టరు గారు నన్ను వేరే సంఘాలకి సాక్ష్యం చెప్పడానికి తీసుకెళ్తున్నారు. 'క్షమించిన సహోదరి' అని పరిచయం చేస్తారు. నా పేరు అడిగేవాళ్లే లేరు. నేను చెప్పేదంతా చెప్పాక ఆడవాళ్లు వచ్చి నా చేతులు పట్టుకుని ఏడుస్తారు, వాళ్ల పిల్లల నెత్తిన చెయ్యి పెట్టమంటారు. చలికాలం వెళ్లాక మహాసభ ఉంది. చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. అందులో కూడా నేను మాట్లాడాలని నిర్ణయించారు.

పాప పరీక్షలకి చదువుతోంది. మాట తక్కువైంది. గోడ మీద నువ్వూ మీ బావా పనిబట్టల్లో తీయించుకున్న ఫొటో ఉండేది కదా, అది తీసి బీరువా వెనక పెట్టింది. నేను అడగలేదు.

వేళకి తిను. నిన్ను ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటున్నాను.

ఇట్లు
అక్క


ఆసుపత్రి బట్టల గది,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

నీ ఉత్తరం ఇటు తిప్పీ అటు తిప్పీ చదివాను. వెనక పక్క కూడా చూశాను. నేను అడిగిన మాట ఎక్కడా లేదు. మీ లాబులో అరగదీసే పిల్ల గురించి ఇన్ని వాక్యాలు రాశావు, నాకు ఒక్క మాట రాయడానికి చోటు సరిపోలేదా? మర్చిపోయావేమో అనుకున్నాను. పాల చీటీ మీద లెక్క కూడా మర్చిపోని మనిషివి నువ్వు, ఇది మర్చిపోతావా?

ఊరంతటికీ మైకులో చెప్తున్నావు. నాకు ఒక్కడికి కాగితం మీద చెప్పలేవా?

నిన్న జరిగింది చెప్తాను, విను. ఆపరేషన్ గది నుంచి వచ్చిన మూట విప్పాను. దుప్పటి మొత్తం నెత్తురు. రోజూ చూసేదే. నిన్న మాత్రం దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెయ్యి ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. మేస్త్రీ అరుస్తాడనుకున్నాను. ఆయన వచ్చి మెల్లగా లాక్కున్నాడు. "దీన్ని వేడినీళ్లలో వేయకూడదు, మరక పట్టేస్తుంది. ముందు చన్నీళ్లలో నానాలి" అన్నాడు. నాకు పని రాక నిలబడ్డాననుకున్నాడు పాపం. తర్వాత సబ్బు గోదాములోకి వెళ్లి గొంతు పోయేలా ఏడ్చాను. మెషీన్ల మోతలో ఎవరికీ వినపడలేదు.

నాకు నీ మాట కావాలి అక్కా. బావ మాట ఉంది కదా అంటావేమో. బావ లేడు. నువ్వున్నావు. బతికున్న మనిషి నోటి నుంచి కావాలి. నీ కాళ్లు పట్టుకుంటున్నాను అనుకో.

తమ్ముడు


ఇల్లు,
పాప బడికి వెళ్లాక

తమ్ముడూ,

రాయలేను. క్షమించలేదు కాబట్టి.

ఇదిగో, ఇన్నాళ్లకి చేత్తో రాశాను. జేబులో పెట్టుకో.

ఆ రోజు నీకు గుర్తుందా? ఆయన పెట్టె మందిరం హాల్లో ఉంది. మూత ఇంకా వేయలేదు. ఆయనకి అస్సలు నచ్చని టై ఎవరో కట్టారు, దాన్ని సరిచేయాలా విప్పేయాలా అని చూస్తున్నాను నేను. నువ్వు వచ్చి నా కాళ్ల మీద పడ్డావు. వైరు తీయడం నేనే మర్చిపోయానక్కా అన్నావు. లిఫ్టు ఆగడానికి మెయిన్ స్విచ్ ఆపాలని పైకి పరిగెత్తానన్నావు. కిందికి వచ్చేసరికి ఆయనకి ఇంకా ప్రాణం ఉందన్నావు. "మీ అక్కకి చెప్పు, తమ్ముణ్ణి క్షమించమను, నేను క్షమించాను" అని చెప్పి పోయాడన్నావు. ఆ మాట పూర్తయిందో లేదో పాస్టరు గారు మైకు నా నోటి ముందు పెట్టారు. నేనేం చేయను? కట్టుకున్నవాడు పోతూ చెప్పిన మాట. కాదంటే నేనేం మనిషిని? క్షమించాను అన్నాను. హాలంతా స్తోత్రం స్తోత్రం అని అరిచింది. ఏడవడానికి కూడా నాకు సందు ఇవ్వలేదు ఎవరూ.

అప్పట్నుంచి అదే చెప్తున్నాను. ఊరూరా తిరిగి చెప్తున్నాను. చెప్పి ఇంటికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు నీ మీద ఉమ్మాలనిపిస్తుంది. మళ్లీ ఆదివారం మైకు. ఇది సాక్ష్యమా? నేను రోజూ కట్టే పళ్లే దీనికంటే నయం, పెట్టుడువని అందరికీ తెలుసు.

లిఫ్టు బాగుచేసేటప్పుడు మీ ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదిలేలా పైన మెషీన్ గదిలో ఆ వైరు పెట్టినవాడు మణికట్టుకి ఎర్ర గుడ్డ కట్టుకోవాలి. వైరు తీశాకే గుడ్డ విప్పాలి. నోటి మాట నమ్మకూడదు, మోతలో వినపడదు, చెయ్యి చూసుకోవాలి అని ఆయన ఎన్నిసార్లు అనేవాడో. ఆ గుడ్డలు నా పాత చీర చించి కుట్టిచ్చింది నేనే కదరా. నువ్వు గ్రీజు చేతులు తుడుచుకోవడానికి దాన్ని విప్పావు. ఆయన నీ ఖాళీ చెయ్యి చూసి లిఫ్టు కింద ఉండే గుంతలోకి దిగాడు. ఇది నువ్వు చెప్పిందే. దీన్ని ఎలాగో మింగగలనేమో. మనిషన్నాక మర్చిపోతాడు.

కానీ ఆయన చెప్పాడన్న మాట మింగుడు పడటం లేదు. మీ బావ సంగతి నాకు తెలీదా? బొత్తాం సరిగ్గా కుట్టలేదని టైలరు మీద ఏడాది పాటు కోపం పెట్టుకున్న మనిషి. మంచివాడే, కానీ కోపం ముందు, మంచి తర్వాత. గుంతలో నలిగిపోయి, నొప్పితో అల్లాడుతూ, పాస్టరులా మాట్లాడాడా? నిన్ను ఆయన ఎప్పుడైనా 'తమ్ముడు' అన్నాడా? బుడ్డోడా అనేవాడు, లేకపోతే బామ్మర్దీ అనేవాడు.

ఆయన ఏమన్నాడో, ఒక్క ముక్క పోకుండా, ఒక్క ముక్క కలపకుండా రాయి.

అక్క


ఆసుపత్రి బట్టల గది

ప్రియమైన అక్కకి,

ప్రభువు పేరట వందనాలు. ప్రభువు నిన్ను ఆదరించును గాక. నీ బాధ ప్రభువుకి తెలుసు. దుఃఖంలో ఉన్నప్పుడు ఇలాంటి సందేహాలు రావడం సహజమని ప్రభువు సేవకులు కూడా చెప్తారు. బావ ఆఖరి ఘడియలో ప్రభువు ఆయన మనసు మెత్తబరిచాడు. మాటలు అచ్చంగా గుర్తు లేవు కానీ భావం అదే. ప్రభువు సాక్షి. దీని గురించి మనం ఇంక మాట్లాడుకోవద్దు. ప్రభువు చిత్తమైతే కాలమే మాన్పుతుంది.

తమ్ముడు


పళ్ల లాబు

ఒరేయ్,

చిన్నప్పుడు నువ్వు పంచదార డబ్బా ఖాళీ చేసినప్పుడల్లా నేను కాదు దేవుడి తోడు, దేవుడి తోడు అని ఒట్టు మీద ఒట్టు పెట్టేవాడివి. నిజం చెప్పేటప్పుడు నీకు దేవుడు గుర్తుకే వచ్చేవాడు కాదు. నీ ఉత్తరంలో వరసకి ఒక ప్రభువు ఉన్నాడు.

మహాసభ దగ్గర పడుతోంది. పాస్టరు గారు నా ఫొటోతో కాగితాలు అచ్చువేయించి గోడలకి అంటించారు. నేను ఆ మైకు పట్టుకునేలోపు చెప్పు. చెప్పకపోతే నీకు అక్క లేదు, పాపకి మామయ్య లేడు. ఇది కోపంలో రాస్తున్నది కాదు. ఆలోచించే రాస్తున్నాను.


ఆసుపత్రి మెట్ల మీద,
మధ్యాహ్నం విరామంలో

అక్కా,

చెప్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు. నేను కూడా మధ్యలో ఆపకుండా రాస్తాను, ఆపితే మళ్లీ రాయలేను.

వైరు పెట్టి కిందికి వచ్చాను. చేతులు తుడుచుకున్నాను. గుడ్డ జేబులో కుక్కుకున్నాను. బావ నా చేతి వైపు చూశాడు, నేను ఆయన చూడటం చూశాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు. తాళంచెవితో లిఫ్టు తలుపు తెరిచి గుంతలోకి దిగాడు. పైన ఎవరో బటన్ నొక్కారు. తలుపు తెరిచి ఉంటే కదలకూడని లిఫ్టు కిందికి వచ్చేసింది. ఇంతవరకూ నీకు చెప్పింది నిజం.

మెయిన్ ఆపడానికి పైకి పరిగెత్తానన్నది అబద్ధం. గుంత అంచునే, నా చెయ్యి అందేంత దూరంలో ఆపే బటన్ ఉంది. అది నొక్కేశాను. లిఫ్టు ఆగిపోయింది, కానీ అప్పటికే బావ దాని కింద నలిగిపోయాడు. పైకి వెళ్లాల్సిన పని లేదు. పడుకుని చెయ్యి లోపలికి చాచాను. బావ పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు అక్కా, ఎప్పటిలాగే. "ఒరేయ్ బుడ్డోడా, చెయ్యి వదలకురా" అన్నాడు. నేను ఉన్నాను బావా అన్నాను. "వైరు తీయలేదా?" అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. "వదలకు" అని మళ్లీ అన్నాడు.

నేను వదిలేశాను.

ఫోన్ నా చొక్కా జేబులోనే ఉంది. దాన్ని తీయలేదు. నా వేళ్ల మీంచి ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి, మెట్లెక్కి మెషీన్ గదికి పరిగెత్తాను. వైరు తీయడానికి. ఎవరైనా వచ్చి చూసేలోపు అది అక్కడ ఉండకూడదు అన్న ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేం లేదు. వైరు తీసి జేబులో పెట్టుకున్నాకే అంబులెన్సుకి ఫోన్ చేశాను. కిందికి వచ్చేసరికి బావ నన్ను పిలవడం లేదు.

ముందే ఫోన్ చేసుంటే బతికేవాడేమో. బతికేవాడు కాదేమో. డాక్టరుని అడిగే ధైర్యం చేయలేదు, ఎందుకంటే ఏ జవాబు వచ్చినా భరించలేను. ఆయన చెయ్యి వదలకు అన్నాడు, అది మాత్రం భరించాల్సిందే. ఆ మాట అడిగింది నన్ను. నన్నే.

హాల్లో నీ ముందుకి వచ్చినప్పుడు వైరు ఇంకా నా ప్యాంటు జేబులోనే ఉంది. అంతా చెప్పేద్దామనే వచ్చాను, ఒట్టు పెట్టను కానీ నిజం. వైరు మర్చిపోయానని చెప్పాను. నీ మొహం చూశాను. మిగతా సగం చెప్పలేకపోయాను. ఆ ఖాళీలోకి ఆ క్షమాపణ మాట దానంతటదే వచ్చేసింది. బావ అనలేదు. నాకు కావాల్సిన మాట తీసుకెళ్లి చచ్చిపోయినవాడి నోట్లో పెట్టాను. సగం ఒప్పుకున్నందుకే ఎంత నిజాయితీపరుడో అని జనం నన్ను కావలించుకున్నారు. ఇంక రెండో సగం ఎలా బయటపెడతాను? దాని మీదే నిలబడి నువ్వు సాక్ష్యం చెప్తున్నావని తెలిసి కూడా నిన్ను ఆపలేదు. పైగా దాన్ని చేత్తో రాసిమ్మని అడిగాను. నాలాంటి సిగ్గులేనివాడు ఎక్కడైనా ఉంటాడా?

ఇక్కడి పాస్టరు గారి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు నా పక్కన మోకరించారు. దేవుడు క్షమిస్తాడు అన్నారు. నమ్ముతున్నాను. కానీ దేవుడి చెయ్యి కాదు కదా నేను వదిలింది.

పోలీసు స్టేషనుకి వెళ్తాను. ముందు నీకు చెప్పాలని ఆగాను. నువ్వు ఇంక నాకు రాయకపోతే అర్థం చేసుకుంటాను. మూటతో మెట్లెక్కుతుంటే అక్కడే గుండె ఆగిపోతే బాగుండు అనిపిస్తోంది. ఆగడం లేదు. రోజూ పై అంతస్తు దాకా పోతూనే ఉన్నాను.

నీ చేతి రాత కోసం ఇంక అడగను.


ఇల్లు,
మహాసభ అయిన మూడో వారం

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను లాబుకి వెళ్లలేదు. వంట చేయలేదు. పాప వచ్చి లైటు వేసి, ఎందుకమ్మా చీకట్లో కూర్చున్నావ్ అనేదాకా నాకు సాయంత్రం అయిందని కూడా తెలీదు. నిన్ను తిట్టిన తిట్లు రాయను, కాగితం ఒప్పుకోదు.

మహాసభకి వెళ్లాను. మైకు ఇచ్చారు. 'క్షమించిన సహోదరి ఇప్పుడు...' అని పాస్టరు గారు ఇంకా అంటూనే ఉన్నారు. నేను చెప్పాను. క్షమించలేదండీ అన్నాను. ఇన్నాళ్లూ ఇక్కడ నిలబడి అబద్ధ సాక్ష్యం చెప్పాను, నా తమ్ముడి మీద నాకు పగ ఉంది, నేను దేవుడి ముందూ మీ ముందూ దొంగని అన్నాను. నీ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. అది చెప్పాల్సింది నువ్వు. పాస్టరు గారి మొహం పిండి పోసిన అచ్చులా అయిపోయింది. పాడేవాళ్ల వైపు తిరిగి సైగ చేశారు. వాళ్లు పాట ఎత్తుకున్నారు, డప్పు కూడా కొట్టారు. నేను పాట మధ్యలో దిగి వచ్చేశాను.

చెప్పుల దగ్గర ఒక ముసలావిడ నా కొంగు పట్టుకుంది. "నేనూ అంతేనమ్మా, నా కోడల్ని క్షమించానని ప్రతి ఆదివారం చెప్తాను" అని ఏడ్చింది. ఆవిడ పళ్లు నేను చేసినవే, చూడగానే గుర్తుపట్టాను. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాం. నా పెళ్లయినప్పటి నుంచి నేను చేసిన ప్రార్థనలన్నిటిలో అదొక్కటే నిజమైనదేమో అనిపించింది. మర్నాడు పాస్టరు గారు ఇంటికొచ్చారు. గొడవకనుకున్నాను. "మీ నోటి దగ్గర మైకు పెట్టింది నేను, నన్ను క్షమించమ్మా" అన్నారు. ఆయనకి టీ పెట్టిచ్చాను.

ఇప్పుడు నీ సంగతి. గుండె ఆగిపోతే బాగుండు అని రాశావు. చావడం నీకు సుళువు. ఆ సుళువు నీకివ్వను. ఆయన చివరి మాటలు ఈ లోకంలో నీ ఒక్కడి దగ్గరే ఉన్నాయి. నువ్వు పోతే అవీ పోతాయి. అవి నావి. నాకూ పాపకీ చెందినవి. ఆయన నిన్ను క్షమించాడో లేదో నాకు తెలీదు, కానీ ఆయన ఆఖరి క్షణంలో నీ చెయ్యి వద్దనలేదు, కావాలన్నాడు. దాన్ని ఏం చేసుకోవాలో నాకు ఇంకా అర్థం కావడం లేదు.

రా. వచ్చి పాప ముందు కూర్చుని, నాకు రాసినదంతా నోటితో చెప్పు. అది కొడితే పడు. తర్వాత స్టేషనుకి నేనే తీసుకెళ్తాను.

క్షమించాను అని ఇప్పటికీ రాయలేను. ఆ మాటని నేను వాడి వాడి పాడుచేశాను. ఇంక అబద్ధంగా రాయను. దేవుణ్ణి అడుగుతున్నాను, ఇస్తే నీకే మొదట ఇస్తాను.

ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు సగం ఒప్పుకుని ఆగావని నిన్ను అంటున్నాను, నేనూ అంతే. సభలో పగ ఉందని చెప్పాను కానీ అదెంత పగో చెప్పలేదు. ఆయన పోయిన నెల నుంచీ నువ్వు చచ్చిపోవాలని మోకరించి ప్రార్థన చేశాను. నిన్ను ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటున్నానని రాశానే, అది ఇదే. ఎలా చావాలో కూడా దేవుడికి చెప్పాను. ఆ గుంతలోనే, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా అని. నా చేతుల్లో పెరిగినవాడివి. నీకు నడక నేర్పింది నేను.

దీనికి నువ్వు నన్ను క్షమించగలవా? ఊరికే అనొద్దు. నిజంగా చేయగలిగితేనే రాయి. నాకు అదెలా ఉంటుందో చూడాలని ఉంది.

అక్క


బస్టాండు,
బెంచీ మీద

అక్కా,

నీ ఉత్తరం చదవగానే ఇదెంత పని, ఇప్పుడే రాసిస్తాను అని కలం తీశాను. నేను చేసిన దానితో పోలిస్తే నీది ఏపాటి అనుకున్నాను. రాయబోతే చెయ్యి కదల్లేదు. నాకు కోపం వచ్చింది. నీ మీద! మా అక్క, నాకు అన్నం కలిపి పెట్టిన అక్క, నేను ఆ గుంతలో ఒక్కణ్ణే చావాలని మోకాళ్ల మీద కూర్చుని అడిగిందా అని. నాకు ఆ హక్కు లేదని తెలుసు. తెలిసినా వచ్చింది. పనిలో దుప్పట్లు మెషీన్లోకి విసిరి విసిరి కొట్టాను. మందిరానికి వెళ్లాను, కాగితం జేబులోనే ఉంది. ఖాళీ కాగితం.

ఎంత తేలిగ్గా అడిగాను అక్కా నిన్ను. సంతకం పెట్టమన్నట్టు అడిగాను. ఒక్క మాట రాయి, జేబులో పెట్టుకుంటాను అన్నాను. నీ దగ్గర నేను అడిగింది ఏంటో నాకు నిజంగా తెలీదు. బావ అనని మాట ఆయన నోట్లో పెట్టి, బావని నీ దగ్గర్నుంచి రెండోసారి తీసుకోబోయాను.

ఈ రోజు పొద్దున తడి దుప్పట్లు లాగుతుంటే కోపం ఉందా అని వెతుక్కున్నాను. ఉంది. కానీ నువ్వు ఒంటరిగా నేల మీద కూర్చుని అలాంటి ప్రార్థన చేస్తూ ఎంత ఏడ్చుంటావో అనిపించింది. ఆ మనిషి పక్కన కూర్చోవాలనిపించింది. మేస్త్రీకి చెప్పి బయల్దేరాను.

నిన్ను క్షమించాను అక్కా. రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాను, చూస్తే తెలుస్తుంది.

బదులుగా నువ్వు నన్ను క్షమించాలని ఏం లేదు. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో, నేనే ముందు చేరుతానో తెలీదు. నేను ముందు వచ్చి, పాప తలుపు తీసి, నన్ను చూసి మూసేస్తే, తెరవమని నువ్వు చెప్పకు. నేను బయటే కూర్చుంటాను. అది తెరిచినప్పుడు మొదటి నుంచీ చెప్తాను, చెయ్యి వదిలిన దగ్గర ఆగకుండా చెప్తాను.

నీ తమ్ముడు